కఖేతీ: నేల కడుపున పండే వైన్

కాకసస్ పర్వతాలకు దక్షిణాన, నల్లసముద్రానికీ కాస్పియన్ సముద్రానికీ నడుమ ఒదిగి ఉన్న జార్జియా దేశంలో, రాజధాని టిబిలిసికి చేరిన విదేశీ యాత్రికుడికి పర్యాటక సంస్థలు ముందుగా చూపే యాత్రల్లో కఖేతీ యాత్ర ఒకటి. ఉదయం తొమ్మిది గంటల వేళ చిన్న బస్సులో బయలుదేరి, తూర్పున ఉన్న కఖేతీ ప్రాంతంలో ఒక మఠాన్నీ, ఒక కోట పట్టణాన్నీ, రెండు మూడు వైనరీలనూ, అంటే ద్రాక్ష నుంచి వైన్ తయారుచేసే కేంద్రాలనూ, గైడు వెంట చూసి, దారిలోనే భోజనం ముగించుకుని, పొద్దుగూకాక నగరానికి తిరిగి రావడం ఈ యాత్ర స్వరూపం. 2023లో ఢిల్లీ నుంచి టిబిలిసికి నేరుగా విమానాలు మొదలయ్యాక భారతీయులకు ఈ దారి మరింత దగ్గరయింది. అక్కడి విశ్వవిద్యాలయాల్లో వైద్యవిద్య చదివే తెలుగు విద్యార్థులూ, గల్ఫ్ నుంచి సెలవులకు వచ్చే తెలుగు కుటుంబాలూ ఈ బస్సుల్లో కనిపించడం ఇప్పుడు వింతేమీ కాదు.

ఈ దారి పొడవునా యాత్రికుడిని వెంటాడే సంఖ్య 8,000. సీసాల మీద, దుకాణాల గోడల మీద, గైడు తొలి పలుకుల్లో అదే వినిపిస్తుంది: ఎనిమిది వేల ఏళ్లుగా ఎడతెగని వైన్ సంప్రదాయం. ఈ మాటకు ఆధారం ఉన్నది. టిబిలిసికి దక్షిణాన ఉన్న గదాచ్రిలి గోరా, షులావేరిస్ గోరా అనే నవీన శిలాయుగపు దిబ్బల్లో దొరికిన మట్టిపాత్రల పెంకులను పరీక్షించిన శాస్త్రవేత్తలు, వాటిలో క్రీస్తుపూర్వం 6000 ప్రాంతపు టార్టారిక్ ఆమ్లపు జాడలను గుర్తించి 2017లో ప్రకటించారు. తెలుగువారి చింతపండులో పులుపు కూడా ప్రధానంగా ఈ ఆమ్లం వల్లనే వస్తుంది కానీ, చింతచెట్టు పెరగని కాకసస్ నేలలో దాని ఉనికి ద్రాక్షకు ఆనవాలవుతుంది. అంతకు ముందు ఇరాన్‌లోని జాగ్రోస్ పర్వతాల్లో దొరికిన ఆధారం దీనికంటే కొన్ని వందల ఏళ్లు తరువాతిది కనుక, ద్రాక్ష వైన్‌కు తెలిసినంతలో అతి పాత రుజువు జార్జియాదే అయింది. అయితే ఆ దిబ్బలు కఖేతీలో లేవు, ఆ పాత్రలు నేడు యాత్రికులకు చూపే జాడీలూ కావు; పైగా ఎడతెగని సంప్రదాయం అన్న మాట వెనుక గత రెండు శతాబ్దాల్లో కనీసం మూడు పెద్ద తెంపులున్నాయి. ఆ తెంపుల గురించి బస్సులో తక్కువగా చెబుతారు గానీ, వాటిని తెలుసుకుని వెళ్లినవారికే ఒక్కో మజిలీలో గ్లాసులోకి వంపిన వైన్ ఎందుకు ఒక్కో తీరుగా ఉన్నదో బోధపడుతుంది.

టిబిలిసి నుంచి తూర్పుగా సాగే దారి గోంబోరి కొండల వరుసను చుట్టివచ్చి అలజాని నది లోయలోకి దిగుతుంది. లోయకు ఉత్తరాన కాకసస్ ప్రధాన శ్రేణి గోడ కట్టినట్టు నిలిచి చలిగాలులను చాలావరకు ఆపుతుంది, నది తెచ్చిన ఒండ్రు నేలకు సారమిస్తుంది. దేశంలోని ద్రాక్షతోటల్లో మూడింట రెండు వంతులకు పైగా ఈ ఒక్క ప్రాంతంలోనే ఉండటానికి కారణం ఇదే. హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్షను తల మీది పందిళ్లకు పాకించిన తోటలు చూసినవారికి కఖేతీ తోటలు కొంత కొత్తగా తోస్తాయి: ఇక్కడ తీగలను నడుమెత్తు తంతుల వెంట వరుసలుగా కడతారు, కాయ చిన్నది, తొక్క మందం, గింజలుంటాయి. తినే ద్రాక్షకు లోపాలనిపించే ఈ గుణాలే వైన్‌కు బలం, ఎందుకంటే రంగూ వగరూ తొక్కలోనూ గింజలోనూ ఉంటాయి. ఐదు వందలకు పైగా దేశవాళీ రకాలున్నాయని జార్జియన్లు గర్వంగా చెప్పుకున్నా, యాత్రికుడికి పదే పదే ఎదురయ్యేవి రెండే: తెల్లద్రాక్షల్లో ర్కాత్సితెలి, నల్లద్రాక్షల్లో సపెరావి. చాలా నల్లద్రాక్షలను పిండితే రసం రంగు లేకుండా వస్తుంది, రంగంతా తొక్క నుంచే దిగాలి. సపెరావిలో గుజ్జు కూడా ఎరుపే కావడం వల్ల దాని వైన్ గ్లాసు అంచున సైతం సిరాలా చిక్కగా కనిపిస్తుంది.

ఈ దేశంలో తీగకూ మతానికీ ఉన్న సంబంధం బోద్బే మఠంలో తెలుస్తుంది. నాలుగవ శతాబ్దపు తొలినాళ్లలో కప్పదోకియా నుంచి వచ్చి, రాజు మిరియాన్‌నూ అతనితోపాటు దేశాన్నీ క్రైస్తవంలోకి మళ్లించిందని జార్జియన్లు నమ్మే సెయింట్ నీనో సమాధి ఇక్కడ ఉన్నది. ఆమె చేతి సిలువ రెండు ద్రాక్ష కొమ్మలను తన తలవెంట్రుకలతో కట్టినదని సంప్రదాయం చెబుతుంది. జార్జియన్ చర్చి గుర్తుల్లో అడ్డుచేతులు కిందికి వాలిన సిలువ కనిపించేది అందుకే. ఇది యాత్రికుల కోసం నిలిపిన కట్టడం కాదు, సన్యాసినులు నివసించే మఠం. స్త్రీలు తల కప్పుకుని లంగా వంటి వస్త్రం ధరించాలి, పురుషులు పొట్టి నిక్కర్లతో రాకూడదు. పక్కనే కొండ మీద ఉన్న సిగ్నాగి, 18వ శతాబ్దంలో రాజు రెండవ ఎరెక్లే దాగెస్తాన్ వైపు నుంచి వచ్చే దోపిడీ దండుల భయంతో ప్రాకారమూ 23 బురుజులూ కట్టించిన పట్టణం. 2007 ప్రాంతంలో ప్రభుత్వం దీన్ని పూర్తిగా మెరుగుదిద్దడంతో ఇళ్ల ముంగిళ్లు కొంత మరీ నున్నగా తేలాయి. కాలం తక్కువగా ఉంటే బురుజుల మీద ఫొటోల కోసం కాకుండా ఇక్కడి ప్రదర్శనశాలలో నికో పిరోస్మానీ చిత్రాల కోసం వెచ్చించడం మేలు. సమీపంలోని మిర్జానీలో 1862లో పుట్టి, టిబిలిసి మధుశాలల గోడలకు తిండికీ వైన్‌కీ బదులుగా బొమ్మలు వేసి, 1918లో దారిద్ర్యంలో మరణించిన ఈ చిత్రకారుడు నల్లని మైనపు గుడ్డ మీద గీసిన విందుల్లో కఖేతీ బల్ల ఎలా ఉండేదో కనిపిస్తుంది.

మరానీలో

యాత్రలో అసలు చూడవలసిన చోటు మరానీ. ఇది ఇంటికి అనుబంధంగా ఉండే వైన్ గది. చూపుకు మాత్రం ఖాళీ నేల, ఆ నేలలో గుండ్రటి నోళ్లు, వాటి మీద రాతి లేదా గాజు మూతలు, అంతే. ఆ నోళ్ల కింద పాతి ఉన్న పెద్ద మట్టి జాడీయే క్వెవ్రీ. తెలుగు పల్లెల్లో ఒకప్పుడు ధాన్యాన్ని నేలలో దాచిన పాతర వలె ఇదీ భూమి చల్లదనాన్ని కాపుగా వాడుకుంటుంది, అయితే పాతరలో గింజ మారకుండా ఉండాలి, క్వెవ్రీలో ద్రాక్ష పూర్తిగా మారిపోవాలి. కొన్ని పదుల లీటర్ల నుంచి కొన్ని వేల లీటర్ల దాకా పట్టే ఈ జాడీకి చదునైన అడుగు ఉండదు; గుడ్డు ఆకారంలో కిందికి పోయేకొద్దీ సన్నబడి మొనదేలుతుంది, నిలబడేందుకు చుట్టూ ఉన్న మట్టే ఆధారం. మనిషి కంటే ఎత్తైన పాత్రను సారె మీద తిప్పలేరు కనుక, కుమ్మరి బంకమట్టి పేలికలను ఒకదానిపై ఒకటి చుట్టుకుంటూ, కింది వరుస ఆరి గట్టిపడ్డాకనే పై వరుస పేర్చుకుంటూ, వారాల తరబడి పైకి లేపుతాడు. ఆ తరువాత ఆవంలో రోజుల తరబడి కాల్చి, వేడి చల్లారకముందే లోపలి గోడలకు తేనెమైనం పూస్తారు. మైనం జాడీని పూర్తిగా మూసేయదు, మట్టిలోని సూక్ష్మరంధ్రాలను తగ్గించి, కడగడానికి వీలైన నున్నదనం ఇస్తుంది.

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో జరిగే కోతను ర్త్వేలి అంటారు. కోసిన ద్రాక్షను దుంగను తొలిచి చేసిన పొడవైన తొట్టిలో పోసి కాళ్లతో తొక్కడం పాత పద్ధతి, ఇప్పుడు చాలాచోట్ల యంత్రమే ఆ పని చేస్తుంది. కఖేతీ విశేషమంతా ఆ తరువాతి అడుగులో ఉన్నది. ఐరోపా పద్ధతిలో తెల్లద్రాక్షను పిండి, తొక్కలను పారేసి, ఒక్క రసాన్నే పులియబెడతారు. ఇక్కడ రసంతోపాటు తొక్కలు, గింజలు, పండిన కాడలు, అంటే పిప్పి మొత్తాన్నీ క్వెవ్రీలో పోస్తారు. ఈస్ట్‌ను వేరుగా చేర్చరు, ద్రాక్ష తొక్కలతో వచ్చిన సూక్ష్మజీవులే చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తాయి. ఆ రోజుల్లో పైకి తేలే పిప్పిని రోజుకు కొన్ని సార్లు కర్రతో లోపలికి తొక్కాలి, లేకపోతే అది గాలికి ఎండి పులిసిపోయి మొత్తం చెడుతుంది. పొంగు అణిగాక పిప్పి దానంతట అదే మునుగుతుంది. అప్పుడు మూత పెట్టి, అంచులకు తడిమట్టి మెత్తి, పైన మన్ను లేదా ఇసుక కప్పి, వసంతం దాకా వదిలేస్తారు. మొనదేలిన అడుగు ప్రయోజనం ఈ ఐదారు నెలల్లోనే తెలుస్తుంది: ముందుగా గింజలు మొనలోకి జారి, వాటి మీద మడ్డి పేరుకుని, గింజల్లోని కటువైన వగరు వైన్‌లోకి అతిగా దిగకుండా అడ్డుపడుతుంది. వడపోత యంత్రాలేవీ లేకుండా పాత్ర ఆకారమే వైన్‌ను తేరుస్తుంది. ఈ పద్ధతిని యునెస్కో 2013లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

అన్నింటికంటే కష్టమైన పని తయారీ కాదు, కడగడం. ఖాళీ అయిన పెద్ద క్వెవ్రీలోకి మనిషి దిగి, చెర్రీ బెరడుతో కట్టిన కుంచెతో, నీళ్లతో, సున్నంతో గోడలను రుద్దాలి. ఏ మూలన మురికి మిగిలినా మరుసటి ఏడాది వైన్ మొత్తం పాడవుతుంది. గైడును అడిగితే తప్ప ఈ సంగతి చెప్పరు గానీ, అడగదగిన ప్రశ్న ఇదే, ఎందుకంటే జాడీని ఎలా కడుగుతారో వివరంగా చెప్పగల ఇల్లే ప్రతి ఏటా క్వెవ్రీ వాడే ఇల్లు. కొన్ని పెద్ద వైనరీల్లో నాలుగైదు జాడీలు ప్రదర్శనకు మాత్రమే ఉంటాయి.

తొక్కలతో నెలల తరబడి ఉన్నందున తెల్లద్రాక్ష వైన్ కూడా తేనెరంగుకు తిరుగుతుంది. దీన్ని జార్జియన్లు ఆంబర్ వైన్ అంటారు. నోట పెట్టగానే తీపి ఆశించినవారికి నాలుకను పట్టే వగరు తగులుతుంది. టానిన్ అనే ఈ వగరు పదార్థం మామూలుగా ఎర్రవైన్ లక్షణం కనుక, ఐరోపా తెల్లవైన్‌కు అలవాటుపడ్డ నాలుక మొదట తడబడుతుంది. రుచి చూసే క్రమం ఎక్కడైనా ఒకటే: రంగు చూడటం, గ్లాసును మెల్లగా తిప్పి వాసన పట్టడం, చిన్న గుక్కను నోరంతా తిప్పడం, అవసరమైతే పక్కనున్న పాత్రలో ఉమ్మివేయడం. పలువురి ముందు ఉమ్మడం తెలుగువారికి మర్యాదగా తోచదు, అందుకే మొహమాటపడి ప్రతి గ్లాసునూ తాగేసి మధ్యాహ్నానికే తూలేవారు ఈ బస్సుల్లో ఉంటారు. పెద్ద వైనరీల్లో ఉమ్మడం తప్పు కాదు, తెలిసినవారి పద్ధతి అదే. మద్యం ముట్టనివారు సైతం మరానీని వదులుకోనక్కరలేదు, అక్కడ చూడవలసింది గ్లాసులో కంటే నేలలోనే ఎక్కువ.

త్సినందాలి

మొదటి తెంపును చూడవలసిన చోటు, తెలావి పట్టణానికి సమీపంలోని త్సినందాలి. కవి, సైనికాధికారి, రాకుమారుడు అలెక్సాండర్ చావ్‌చవాడ్జే (1786–1846) ఎస్టేటు ఇది. రష్యా రాణి రెండవ కాథరిన్ చేతుల మీదుగా సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జ్ఞానస్నానం పొందిన ఇతడు, జార్జియా రష్యా సామ్రాజ్యంలో కలిసిపోయిన తరానికి ప్రతినిధి. ఐరోపా తీరు తోటనూ గ్రంథాలయాన్నీ కట్టుకున్నట్టే, పీపాలూ సీసాలూ ఉన్న ఐరోపా తీరు వైనరీని కూడా ఇక్కడ నెలకొల్పాడు. ఎస్టేటు నేలమాళిగలో భద్రపరిచిన వైన్‌లలో 1841 నాటి సపెరావి ఉన్నది. వైన్‌ను సీసాలో పెట్టి, ఏడాది రాసి, దూరదేశాలకు పంపే సరుకుగా చూడటం ఈ నేలకు అప్పుడే అలవడింది. అంతకు ముందు అది ఎక్కువగా ఇంటి జాడీ నుంచి ఇంటి బల్లకు వచ్చే ఆహారం.

ఈ ఇంటి కథ వైన్‌తో ఆగదు. అలెక్సాండర్ కుమార్తె నీనోను 1828లో పెళ్లాడిన రష్యన్ నాటకకర్త గ్రిబొయేదోవ్, మరుసటి ఏడాది ప్రారంభంలోనే తెహ్రాన్‌లో రాయబారిగా ఉండగా అల్లరిమూకల చేతిలో హతుడయ్యాడు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1854లో కాకసస్ కొండజాతుల నాయకుడు షామిల్ దండు అలజాని దాటి వచ్చి, అలెక్సాండర్ కుమారుడు దావిద్ ఇంటి స్త్రీలనూ పిల్లలనూ ఫ్రెంచి ఉపాధ్యాయురాలితో సహా ఎత్తుకుపోయింది. ఎనిమిది నెలల బేరసారాల తరువాత, బాల్యంలోనే రష్యన్లకు బందీగా వెళ్లి వారి నడుమే పెరిగిన షామిల్ కుమారుడు జమాలుద్దీన్‌ను తిరిగి అప్పగించి, 40,000 రూబుళ్లు చెల్లించాక 1855 మార్చిలో వారు విడుదలయ్యారు. అప్పుల పాలైన ఎస్టేటు చివరకు జారు చక్రవర్తి కుటుంబం చేతికి పోయింది. ఒక్క పగటి యాత్రలో ఒకే చోట ఎక్కువసేపు ఆగగలిగితే, ఆ చోటు త్సినందాలి కావాలి.

రెండవ తెంపు సోవియట్ కాలంలో వచ్చింది. పంట విశాల సోవియట్ విపణికి సరిపోవాలి కనుక, విరివిగా కాసే రకాలకూ, ఉక్కు, కాంక్రీటు తొట్లకూ, కొంత తీపి మిగిల్చిన ఎర్రవైన్‌లకూ ప్రాధాన్యం దక్కింది. క్వారేలి పరిసరాల కింద్జ్‌మరావులి ఆ రుచికి నేటికీ నిలిచిన ఉదాహరణ. క్వెవ్రీ ఫ్యాక్టరీల నుంచి తప్పుకుని, రైతు తన ఇంటికి చేసుకునే కొద్దిపాటి వైన్‌లో బతికింది. 1985లో గోర్బచేవ్ మద్య వ్యతిరేక ఉద్యమం మొదలుపెట్టినప్పుడు చాలా ద్రాక్షతోటలను పీకేశారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా రష్యా విపణి మీదనే ఆధారపడిన ఈ పరిశ్రమకు మూడవ దెబ్బ 2006లో తగిలింది: నాణ్యత లేదన్న కారణం చూపి రష్యా జార్జియా వైన్ దిగుమతిని నిషేధించింది, ఎగుమతుల్లో అత్యధిక భాగం రాత్రికి రాత్రి ఆగిపోయింది. ఐరోపా, అమెరికా, ఆసియా కొనుగోలుదారుల కోసం వెతుకులాట మొదలైనప్పుడు, ఫ్రాన్సుతోనో ఇటలీతోనో వారి పద్ధతిలో పోటీపడటం కంటే తమ సొంత మట్టి జాడీని ముందుకు తేవడం తెలివైన పని అయింది. క్వెవ్రీకి నేడున్న ప్రపంచ ఖ్యాతిలో ఆ నిషేధానికి పెద్ద వాటా ఉన్నది. నిషేధం 2013లో తొలగాక రష్యాయే మళ్లీ అతిపెద్ద కొనుగోలుదారు అయింది, దేశపు మొత్తం వైన్‌లో క్వెవ్రీ వైన్ ఇప్పటికీ చాలా చిన్న వాటాయే. క్వారేలి దగ్గర కొండను తొలిచిన 7.7 కిలోమీటర్ల సొరంగాల్లో, ఏడాది పొడవునా 12 నుంచి 14 డిగ్రీల చలువలో వరుసలుగా పేర్చిన సీసాలను చూస్తే ఈ పరిశ్రమ అసలు పరిమాణం తెలుస్తుంది. ఆ సొరంగమూ ఒక ఇంటి మరానీయూ ఒకే రోజు చూడటం ఈ యాత్రలో ఎంచుకోదగిన జంట.

బల్ల దగ్గర

మధ్యాహ్న భోజనాన్ని సంస్థలు సుప్రా పేరుతో ప్రకటిస్తాయి. సుప్రా అంటే విందు, అయితే అది నియమాలున్న విందు. బల్లకు తమాదా అనే పెద్ద ఒకడుంటాడు. దేవుణ్ణి, శాంతిని, దేశాన్ని, గతించినవారిని, పిల్లలను, అతిథులను ఒక్కొక్కరుగా తలచి అతడు కొంతసేపు మాట్లాడాకనే మిగిలినవారు పాత్ర ఎత్తాలి. మంచి తమాదా అంటే ఎక్కువ తాగేవాడు కాదు, బాగా మాట్లాడి ఎవరూ తూలకుండా బల్లను నడిపేవాడు. గంటన్నరలో బస్సెక్కవలసిన యాత్రికుల ముందు గైడు తమాదా పాత్ర ధరించినప్పుడు ఇది కొంత నాటకంగా మారక తప్పదు. పాటలు మాత్రం ఆ నాటకంలో కూడా నిలుస్తాయి. జార్జియన్ల బహుస్వర గానం, అంటే ఒకే పాటలో భిన్న స్వరాలు ఒకేసారి సాగే గానం, కఖేతీలో విందు బల్ల చుట్టూనే పెరిగింది. ఇక్కడి చక్రులో అనే పాట 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలు మోసుకుపోయిన బంగారు పూత పలకలో ఉన్నది, హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ గానమూ అదే పలకలో ఉన్నది.

శాకాహారులకు ఈ బల్ల భయపడవలసినది కాదు. ఆర్థడాక్స్ చర్చి ఉపవాస దినాల్లో మాంసం, పాలు, గుడ్లు మానేయడం ఆచారం కావడం వల్ల, కూరగాయల వంటకాలు ఇక్కడ బాగా ఎదిగాయి: అక్రోటు ముద్ద చుట్టిన వంకాయ, ఆకుకూరను అక్రోటు, వెల్లుల్లి, కొత్తిమీరతో నూరి చేసే ప్ఖాలి, మట్టికుండలో ఉడికించిన చిక్కుడు గింజల లోబియో. తోనే అనే గుండ్రటి మట్టి పొయ్యి గోడకు అతికించి కాల్చే పడవ ఆకారపు రొట్టెను దారిలో వేడివేడిగా కొనుక్కోవచ్చు. దారి పక్క దుకాణాల్లో కొవ్వొత్తుల్లా వేలాడే చుర్చ్‌ఖేలా, దారానికి గుచ్చిన అక్రోటు పప్పులను పిండి కలిపి చిక్కబరిచిన ద్రాక్షరసంలో పదే పదే ముంచి ఆరబెట్టిన తినుబండారం. అందులో మద్యం లేదు. పిప్పి మిగులును వృథా చేయక బట్టీ పట్టి తీసే చాచా మాత్రం వైన్ కంటే ఎన్నో రెట్లు ఘాటు, రుచి పేరుతో చిన్న గ్లాసులో ఇచ్చినా తేలికగా తీసుకోరాదు.

సిగ్నాగి, క్వారేలి, త్సినందాలి, తెలావి, పదకొండవ శతాబ్దపు అలావెర్దీ మహాలయం, వీటన్నిటినీ ఒకే రోజులో చూపిస్తామనే సంస్థలున్నాయి. అలాంటి యాత్రలో పగటిలో ఎక్కువ భాగం బస్సు కిటికీలోనే గడిచిపోతుంది. సిగ్నాగి వైపో తెలావి వైపో ఒక్కటి ఎంచుకోవడం, బయలుదేరే ముందే ఏయే వైనరీలకు తీసుకువెళ్తారో పేర్లడిగి తెలుసుకోవడం, వాటిలో ఒకటైనా కుటుంబం నడిపే మరానీ ఉండేలా చూసుకోవడం మంచిది. సొంతంగా కారు అద్దెకు తీసుకుని నడిపే ఆలోచన రుచి చూసే యాత్రకు పొసగదు, తాగి వాహనం నడపడాన్ని జార్జియా చట్టం తీవ్రంగానే చూస్తుంది. కోతకాలంలో వెళ్తే ద్రాక్ష తొక్కడం చూడవచ్చు, గుంపులు మాత్రం ఎక్కువ. వసంతంలో వెళ్తే మన్ను తవ్వి జాడీ మూత తీసే పని చూడవచ్చు, దాన్ని చూసే యాత్రికులు చాలా తక్కువ. కుటుంబ మరానీల్లో కొన్నిసార్లు ఏ పేరూ లేని ప్లాస్టిక్ సీసాలో వైన్ పోసి ఇస్తారు. అది ఆ రోజు రాత్రికి తాగడానికే, విమానంలో తెచ్చుకోవడానికి పనికిరాదు. భారతదేశానికి తిరిగివచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా వెంట తెచ్చుకోగలిగినది 2 లీటర్లు. 750 మిల్లీలీటర్ల సీసాలు మూడు కొంటే ఆ హద్దు దాటుతుంది కనుక, రెండే తెచ్చుకునేవారు ఒకటి ఆంబర్, ఒకటి సపెరావి తీసుకుని, రెండింటి మీదా క్వెవ్రీ అన్న మాట ముద్రించి ఉన్నదో లేదో చూసుకోవాలి.